స్వస్థానమే స్వస్థత

స్వస్థత అను మాటను మనము తరచుగా వాడుదుము. జ్వరము తగ్గినవానిని చూచి స్వస్థుడైనాడందుము; ఆసుపత్రినుండి ఇల్లు చేరిన బంధువును స్వస్థత చిక్కినదా అని కుశలమడుగుదుము. కాని ఆ మాటను విప్పి చూచువారు అరుదు. 'స్వ' అనగా తాను, తనది. 'స్థ' అనగా నిలిచి యుండునది. తన యందు తాను నిలిచి యుండువాడే స్వస్థుడు. ఈ మాటను కూర్చిన పూర్వులు రోగము లేకపోవుటతో తృప్తిపడలేదు. మనుష్యుడు తనవాడుగా మిగిలి యుండుట కూడ ఆరోగ్యమేనని వారి భావము. ఈ భావమును ఒక సంపన్న దేశము మిక్కిలి ఆలస్యముగా, మిక్కిలి కష్టముమీద నేర్చుకొనుచున్నది. ఆ దేశము ఆస్ట్రేలియా. పాఠము చెప్పుచున్నవారు అచ్చటి ఆదివాసులు.

ఆస్ట్రేలియా మన దేశమునకు రెండింతలకు మించిన భూభాగము. దాని నడుమ ఎర్రని ఇసుక, ముండ్ల గడ్డి, ఎండిన ఏరులు. ఆ నేలపై ఆదివాసులు యాబది వేల యేండ్లకు పైగా జీవించుచున్నారు. 1788లో ఆంగ్లేయులు సిడ్నీ తీరమున నెలకొన్న పిమ్మట ఆ జనుల నేల, నీరు, బిడ్డలు కూడ క్రమముగా పరాధీనములైనవి. 2021 నాటికి ఆదివాసులును, టోరెస్ జలసంధి ద్వీపవాసులును కలిసి పది లక్షలకు కొంచెము తక్కువ; దేశ జనాభాలో నూటికి నలుగురికన్న తక్కువ. 2020–2022 సంవత్సరముల లెక్కల ప్రకారము వారి పురుషుల ఆయుర్దాయము 71.9 యేండ్లు, స్త్రీలది 75.6 యేండ్లు. ఇతరులకన్న పురుషులు సుమారు తొమ్మిదేండ్లు, స్త్రీలు సుమారు ఎనిమిదేండ్లు ముందుగా కన్ను మూయుచున్నారు. మారుమూల ప్రాంతములకు వచ్చునప్పటికి ఆ అంకె మరింత క్రుంగి, పురుషులకు 67.3గా, స్త్రీలకు 71.3గా నిలిచినది.

ఇంతటి ధనిక దేశములో ఇట్టి తేడా ఏల? దీనికి సాధారణముగా వచ్చు సమాధానము దూరము. ఊరు దూరము, వైద్యుడు దూరము, ఆసుపత్రి దూరము. ఇది అబద్ధము కాదు, కాని అర్ధసత్యము. దూరమే శత్రువైనచో ఆస్ట్రేలియా దానిని ఎన్నడో జయించి యుండవలెను. 1928లోనే జాన్ ఫ్లిన్ అను మతాచార్యుని సంకల్పముతో క్లాన్‌కరీ అను ఊరినుండి వైద్యుడు విమానమెక్కి రోగుల కడకు పోవుట ఆరంభమైనది. మరుసటి యేట ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాలితో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోను నిర్మించి, ఒంటరి ఇండ్లకు గొంతు నిచ్చెను. ఎగిరివచ్చు వైద్యుల ఆ సేవాసంస్థ నేటికిని వేలమంది ప్రాణములు నిలుపుచున్నది. దాని నెవ్వరు కాదందురు? అయినను విమానము రోగము ముదిరిన పిదప వచ్చునది; రోగిని తీసికొని పోవునది. ఇంటివద్ద రోగము రాకుండ చేయుట దాని పని కాదు. అది రోగిని ప్రాణముతో నిలుపగలదు, స్వస్థుని చేయజాలదు.

ఈ తేడాను మూత్రపిండముల వ్యాధి కథ తేటగా చూపును. మూత్రపిండములు చెడినవానికి వారమునకు మూడుమార్లు, మారు మారుకు గంటల కొలది, యంత్రము ద్వారా రక్తము శుద్ధిచేయవలెను. దానినే డయాలసిస్ అందురు. మధ్య ఆస్ట్రేలియాలో ఆ యంత్రములు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణములో ఉండెడివి. దానికి పడమటగా సుమారు 500 కిలోమీటర్ల దూరమున కింటోర్ అను పల్లె కలదు. అచ్చటివారు పింటుపి జాతివారు. వారిలో మూత్రపిండములు చెడినవారు పల్లెను, మనుమలను, తాతల నేలను విడిచి పట్టణము చేరవలసి వచ్చెను. పరిచయము లేని ఊరు, పరుల భాష, బంధువు లేని గది. కొందరు ఆ ఒంటరితనమును భరింపలేక చికిత్స మానివేసి, చనిపోదుమని తెలిసియే ఇల్లు చేరిరి. వైద్యశాస్త్ర దృష్టిలో వారు మాట వినని రోగులు. వారి దృష్టిలో ఆ చికిత్సయే అసంపూర్ణము.

పల్లెలో డయాలసిస్ పెట్టుడని వారడిగినప్పుడు ప్రభుత్వములు సుముఖత చూపలేదు. ఖర్చు ఎక్కువ, అపాయము ఎక్కువ అనిరి. అప్పుడు పింటుపి జనులు యాచించుట మాని చిత్రములు వ్రాసిరి. తమ పూర్వుల గాథలను, నీటి గుంటల త్రోవలను చుక్కలలో, రేఖలలో తెలుపు చిత్రకళ వారిది. కింటోర్, కివిర్‌కురా పల్లెల స్త్రీపురుషులు నాలుగు పెద్ద చిత్రములను కలసి రచించిరి. 2000 సంవత్సరము నవంబరులో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ చిత్రశాలలో వాటిని, మరికొన్ని చిత్రములను వేలము వేయగా పది లక్షల డాలర్లకు పైగా వచ్చెను. ఆ ధనముతో వారు తమ సంస్థను తామే స్థాపించుకొనిరి. 2004లో కింటోర్ పల్లెలో డయాలసిస్ యంత్రము తిరిగెను.

ఆ సంస్థ పేరు పింటుపి భాషలో చాల పొడవైనది. మన కుటుంబములన్నింటిని బాగుచేసికొనుట అని దాని భావము. ఆంగ్లములో మాత్రము జనులు దానిని 'పర్పుల్ హౌస్' అని క్లుప్తముగా పిలుచుకొందురు. నేడు దాని శాఖలు అనేక ఎడారి పల్లెలలో పనిచేయుచున్నవి. లారీలో అమర్చిన యంత్రము ఒకటి పల్లెనుండి పల్లెకు తిరుగుచు, పట్టణములోనే ఉండవలసిన రోగులను కూడ పెండ్లికో చావుకో తమ నేలకు చేర్చుచున్నది. 2018 నవంబరులో దేశపు ఆరోగ్య బీమాయైన మెడికేర్, మారుమూల పల్లెలలో నర్సులు చేయు డయాలసిస్‌కు ప్రత్యేక చెల్లింపును ఏర్పరచెను. అసాధ్యమన్న పనిని ఎడారి వృద్ధులు చేసి చూపిన పదునాలుగేండ్లకు రాజధాని దానికి పద్దు వ్రాసెను. ఇచ్చట మనము గమనింపవలసినది యంత్రమును కాదు. యంత్రము పట్టణములోను అదే, పల్లెలోను అదే. దాని నెచ్చట పెట్టవలెనో నిర్ణయించినవారు మారిరి. అందువలన ఫలము మారినది.

ఇంకొక ఉదాహరణము. దక్షిణ ఆస్ట్రేలియా వాయవ్యభాగమున పిట్జంట్జట్జర, యంకునిట్జట్జర జనుల భూములున్నవి. 1983లో వారు తమ ఆరోగ్యమండలిని తామే నెలకొల్పుకొనిరి. దానికి నాయకత్వము వహించినవారిలో యామీ లెస్టర్ ఒకడు. 1953లో బ్రిటిషువారు ఆ ప్రాంతపు ఎమూ ఫీల్డ్‌లో అణ్వస్త్రములను పరీక్షించినప్పుడు అతడు బాలుడు. నల్లని పొగమంచు తమ పల్లెను క్రమ్మెననియు, తన కన్నులు అందువలన చెడెననియు అతడు జీవితాంతము చెప్పెను. చూపు పోయిన ఆ మనుష్యుడు దుబాసిగా పనిచేసి తన వారికి గొంతుకయైనాడు. 1985లో అతడు ఒక వైద్యుని, ఒక గృహశిల్పిని, ఒక ఆరోగ్య కార్యకర్తను పిలిచి, క్లినిక్కులు ఎంత బాగుగా నడచినను జనులకు జబ్బులు తగ్గుట లేదు, జబ్బు రాకుండ ఆపు దారి చూపుడని కోరెను. ఆ గృహశిల్పి పాల్ ఫోలెరోస్.

వారు వ్రాసిన నివేదిక 1987లో వెలువడినది. అది మందుల జాబితా కాదు. ఇంటిలో సాగవలసిన తొమ్మిది పనుల పట్టిక. మొదటిది బిడ్డకు స్నానము చేయించు వీలు. రెండవది బట్టలు, పడకలు ఉతుకు వీలు. పిదప మురుగునీరు తొలగుట, వంట చేసి నిలువ ఉంచుకొనుట, ఇరుకు తగ్గుట మొదలగునవి. స్నానమునకు సబ్బు, బుద్ధి ఉన్నచో చాలదు. పనిచేయు కుళాయి, వేడినీరు, నీరు పోవు తూము కావలెను. ఇల్లిల్లు పరీక్షింపగా సగమునకు పైగా ఇండ్లలో స్నానపు ఏర్పాటు పనిచేయుట లేదని తేలెను. పాడగుటకు కారణమేమి? జనుల అజాగ్రత్త అని పట్టణవాసులు అనుకొనుచుండిరి. లెక్క చూడగా, కాలానుసారము మరమ్మతు లేకపోవుట మొదటి కారణము, మొదటనే సరిగా కట్టకపోవుట రెండవది. ఇంటివారి వలన చెడినవి పదింట ఒకటికి మించలేదు. తరతరములుగా మోపిన నిందను ఒక మరమ్మతు పట్టిక తుడిచివేసెను. ఇదే పద్ధతిని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో పదేండ్లు నడిపి 2010లో ఫలితములు ప్రకటించిరి. ఇండ్లు బాగుచేసిన చోట, చేయని చోట్లకన్న, అంటువ్యాధులతో ఆసుపత్రి పాలగుట నూటికి నలువది వంతులు తక్కువగా ఉండెను.

ఆ నివేదికకు పెట్టిన పిట్జంట్జట్జర పేరులో 'పల్య' అను మాట కలదు. బాగు అని దాని అర్థము. పింటుపి వారి డయాలసిస్ సంస్థ పేరులోను ఆ ధాతువే మెరయుచున్నది. మన తెలుగులో కూడ 'బాగుచేయుట' రోగికి చెల్లును, కుళాయికిని చెల్లును. వైద్యుడు రోగిని బాగుచేయును, పనివాడు గొట్టమును బాగుచేయును. ఈ రెండు పనులు వేరని తలచినది పాలకుల కార్యాలయమే గాని, పల్లెటూరి భాషలు కావు. వైద్యశాఖ ఒకచోట, గృహశాఖ ఒకచోట, నీటిశాఖ మరొకచోట ఉండి, ఒకరి కాగితము నొకరు చూడనంత కాలము బిడ్డ ఒంటి పుండ్లు మానవు.

పుండ్లు మానకపోవుట చిన్న విషయము కాదు. గొంతునొప్పిని, చర్మపు పుండ్లను కలిగించు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి కొందరు బిడ్డలలో రుమాటిక్ జ్వరమునకు దారితీసి, గుండె కవాటములను చెరుపును. సంపన్నుల ఇండ్లలో ఈ జబ్బు దాదాపు మరపునకు వచ్చినది. ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసి పల్లెలలో మాత్రము లోకమున మిక్కిలి హెచ్చుగా కనబడు చోట్లలో ఒకటిగా నేటికిని నిలిచియున్నది. ఒకమారు సోకిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకమారు, ఏండ్ల తరబడి, పెన్సిలిన్ సూది వేయవలెను. ఆ సూది బాధాకరము. బడిలో ఆడుకొను బిడ్డ నర్సును చూచి పారిపోవుటలో వింత లేదు. ఆ నర్సు ఆ బిడ్డ మేనత్తయో, ఆ బిడ్డ భాష మాటలాడునదియో అయినచో కథ వేరు. ప్రతి కొన్ని నెలలకు క్రొత్త ముఖము వచ్చినచో కథ వేరు. నార్తర్న్ టెరిటరీ మారుమూల క్లినిక్కులలో 2013–2015 నడుమ చేసిన పరిశీలనలో, ఉద్యోగమున చేరిన నర్సులలో ఏడాది తరువాత అదే క్లినిక్కున మిగిలినవారు సుమారు ఐదింట ఒక వంతే అని తేలెను. పేరు నేర్చుకొనులోపల నర్సు వెడలిపోవుచున్నచోట నమ్మకము ఎట్లు కుదురును?

ఇక భాష మాట. భాషను బోధించు నాకు ఇదియే అన్నింటికన్న లోతైన ప్రశ్నగా తోచుచున్నది. ఆంగ్లేయులు వచ్చునాటికి ఆ దేశమున 250కి పైగా భాషలుండెను. అందు పెక్కు నశించినవి, కాని మారుమూల పల్లెలలో ఆంగ్లము నేటికిని రెండవ భాషయో, మూడవదియో, నాలుగవదియో. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, డార్విన్ నగరమున డయాలసిస్ పొందుచున్న యోల్ంగు జాతివారికిని ఆసుపత్రి సిబ్బందికిని జరిగిన సంభాషణలను చిత్రీకరించి పరిశీలించిరి. ఒకరి భావము మరొకరికి అందుట అరుదు. అందలేదను సంగతి కూడ పెక్కుమార్లు ఇరువురికీ తెలియదు. వైద్యుడు చెప్పుచు పోవును, రోగి మర్యాదకొరకు ఔనను చుండును. ఆ 'ఔను' అంగీకారమని కాగితమున వ్రాయబడును. ఈ దేశపు చట్టములలో సమ్మతి అను మాటకు ఎంత విలువ యున్నను, అర్థము కాని సమ్మతి సమ్మతి కాదు.

నార్తర్న్ టెరిటరీలో 2000 సంవత్సరమున ఆదివాసి భాషల దుబాసీల సేవ ఏర్పడెను. 2012 జులైలో ఆదివాసి ఆరోగ్య కార్యకర్తల వృత్తికి, వైద్యులకు, నర్సులకు వలెనే జాతీయ నమోదు వచ్చెను. పిట్జంట్జట్జర ప్రాంతమున 'ఙంగకారి' అనబడు సంప్రదాయ వైద్యులు ఆసుపత్రులకు, కారాగృహములకు కూడ పోయి, ఆధునిక వైద్యుల ప్రక్క కూర్చుండి, తమ పద్ధతిలో రోగులకు ధైర్యము నిచ్చుచున్నారు. ఇవన్నియు మంచివే. కాని దుబాసి కేవలము పిలిచినప్పుడు వచ్చు మనిషి, ఆరోగ్య కార్యకర్త నర్సు వెనుక నిలుచు సహాయకుడు అయినంతకాలము ఫలము సగమే. వారు క్లినిక్కునకు వెన్నెముక కావలెను. బయటినుండి వచ్చు వైద్యుడు వారికి తోడు కావలెను.

ఇట్టి తిరగవేత కొత్త ఊహ కాదు. 1967 మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంబదిమంది ఓటర్లు ఆదివాసుల విషయమున శాసనము చేయు అధికారమును జాతీయ ప్రభుత్వమునకు ఇచ్చిరి. అధికారము వచ్చినను వైద్యము రాలేదు. 1971లో సిడ్నీ నగరపు రెడ్‌ఫర్న్ పేటలో ఆదివాసులు తమ వైద్యశాలను తామే తెరచిరి. దేశమున అట్టిది అదియే మొదటిది. 1973లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో మరొకటి ఏర్పడెను. జనులు ఎన్నుకొన్న మండలి నడుపు ఇట్టి ఆరోగ్యసంస్థలు ఇప్పుడు దేశమంతట నూట నలుబదికి పైగా ఉన్నవి.

ఈ మార్గమును అంగీకరింపని వారి ఆక్షేపణలను కూడ చెప్పుట న్యాయము. పల్లెవారికి నిర్వహణ చేతకాదు, ధనము వృథా అగునని కొందరందురు. నిర్వహణలో తప్పులు జరుగును. ఏ ప్రభుత్వ శాఖలో జరుగుట లేదు? తప్పు జరిగినప్పుడు పల్లెవారు తమ మండలిని మార్చుకొనగలరు. దూరపు కార్యాలయమును మార్చలేరు. ఇంతకు మించిన ఆక్షేపణ మరొకటి కలదు. అంత ఎడారిలో ఏల ఉండవలెను, పట్టణము చేరినచో సకల సౌకర్యములు దొరకవా అని. ఈ ప్రయోగము ఇదివరకే జరిగినది. ఇరువదవ శతాబ్దము నడుమ పింటుపి జనులను ఎడారినుండి పాపున్యా వంటి స్థావరములకు తెచ్చి ఉంచిరి. తొలి ఏండ్లలోనే పెక్కుమంది వ్యాధులకు బలియైరి. 1981లో వారు తిరిగిపోయి కట్టుకొన్న ఊరే కింటోర్. అంతేకాదు, 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనము యుటోపియా అను ఎడారి ప్రాంతమును పదేండ్లు పరిశీలించెను. అచ్చటివారు చిన్న చిన్న వాడలుగా తమ నేలపై జీవించుచు, వేటాడుచు, తమ ఆరోగ్యసంస్థను తామే నడుపుకొనుచుండిరి. నార్తర్న్ టెరిటరీలోని ఇతర ఆదివాసులకన్న వారిలో మరణములు, ముఖ్యముగా గుండెజబ్బుల మరణములు, తక్కువ. స్వస్థానము స్వస్థతకు శత్రువు కాదు, మూలమని ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యమేమి కావలెను?

ప్రభుత్వములకు ఈ సంగతి తెలియక కాదు. 2008 ఫిబ్రవరిలో ప్రధాని కెవిన్ రడ్ చట్టసభలో, తలిదండ్రులనుండి వేరుచేయబడిన ఆదివాసి బిడ్డల తరమునకు క్షమాపణ చెప్పెను. ఆ యేడే ఆయుర్దాయపు అంతరమును 2031 నాటికి పూడ్చెదమని ప్రభుత్వములు సంకల్పించినవి. 2020లో ఆదివాసి సంస్థలతో కలసి వ్రాసికొన్న క్రొత్త ఒడంబడికలో, నిర్ణయములు పంచుకొనుట, జనుల సంస్థలను బలపరచుట ముఖ్య సూత్రములుగా నిలిచినవి. కాని 2024లో ప్రభుత్వపు సలహాసంస్థయే పరిశీలించి, శాఖల నడవడి మాటలకు తగినంతగా మారలేదని తేల్చెను. అంతకు ముందు 2023 అక్టోబరులో, ఆదివాసులకు చట్టసభకు సలహా చెప్పు గొంతుక నిచ్చు రాజ్యాంగ సవరణను నూటికి అరువదిమంది ఓటర్లు నిరాకరించిరి. వ్రాసికొనుట సులభము, అధికారమును వదలుకొనుట కష్టము.

కావున నేను చేయదగినదిగా తలచునది క్లుప్తముగా ఇది. మారుమూల పల్లెల వైద్యమునకు కేటాయించు ధనము ఏటేట అర్జీ పెట్టుకొను భిక్షగా గాక, అనేక సంవత్సరములకు నిలుచు హక్కుగా పల్లె సంస్థల చేతికి రావలెను. ఇంటి మరమ్మతు వైద్యములో భాగముగా లెక్కింపబడవలెను; పల్లె యువకులు ఆ పని నేర్చి జీతము పొందవలెను. దుబాసి లేనిదే సమ్మతి చెల్లదను నియమము ఉండవలెను. ప్రసవమునకు వారముల ముందే ఒంటరిగా దూరపు పట్టణమునకు పంపబడు గర్భిణికి తల్లియో అక్కయో తోడుగా పోవు ఏర్పాటు, వీలైన చోట తన నేలపైనే కనుటకు ఏర్పాటు కావలెను. అన్నింటికి మించి, పల్లె బిడ్డలే నర్సులు, వైద్యులు కావలెను. అది బడిలో మొదలగును, ఆసుపత్రిలో కాదు.

ఈ విషయము మన ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఏల అని అడుగవచ్చును. మన బిడ్డలు ఎందరో వైద్యులుగా, నర్సులుగా ఆస్ట్రేలియా పోవుచున్నారు. విదేశములలో చదివిన వైద్యులు అచ్చట మొదటి కొన్ని యేండ్లు వైద్యుల కొరత గల ప్రాంతములలో పనిచేయవలెనను నియమము కలదు. కనుక తెలుగు వైద్యుడు ఎర్రని ఇసుకలోని ఒక క్లినిక్కు తలుపు తెరచుట ఊహ కాదు. అతనికి మన కళాశాలలు శరీరశాస్త్రమును నేర్పి పంపుచున్నవి. మాటను వినుటను మనము నేర్పవలెను. ఎదుటివాని 'ఔను'లోని నిశ్శబ్దమును గుర్తించుట, తెలియని భాషలో నాలుగు మాటలైనను నేర్చుకొనుట, తన విద్య ఎంత గొప్పదైనను ఆ నేలపై తాను అతిథినని తెలిసికొనుట – ఇవి సాహిత్యము చదివినవారికి పట్టుబడవలసిన గుణములు.

రోగిని మంచముమీద పడుకొనబెట్టి మందు ఇచ్చుట వైద్యము. ఆ మంచమెచ్చట వేయవలెనని ముందుగా రోగినే అడుగుట స్వస్థతకు దారి. పింటుపి వృద్ధులు ఆ ప్రశ్నను ఎవ్వరును అడుగకపోగా తామే సమాధానము చెప్పిరి, దానిని చిత్రములలో వ్రాసి అమ్మి మరీ చెప్పిరి. ఇక వినుట మిగిలిన ప్రపంచము పని.